జీడిమామిడి వృక్షం - ఒక శాస్త్రీయ పరిశీలన

వృక్షాల నీడలో పుట్టి పెరిగిన మానవుణ్ణి "చెట్టు అంటే ఏమిటి?" అని ప్రశ్నిస్తే వెంటనే సమాధానం చెప్పలేడు. వృక్షశాస్త్ర దృష్ట్యా చెట్టు అనేది ఒక ఆకృతి మాత్రమే. ఒక కుటుంబం కాదు. ఒకదానితో ఒకటి దగ్గరి సంబంధం లేని మొక్కలెన్నో, వెలుతురుకై పైకెదుగుతూ, వేరువేరుగా వృక్షరూపం దాల్చాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దాన ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి పక్కపక్కనే పెరుగుతాయి. రెండింటినీ మనం చెట్లనే అంటాం. కాని కొబ్బరికి జీడిమామిడి కంటె వరి, వెదురులతోనే బంధుత్వం ఎక్కువ. పైకి కనిపించే రూపం మనలను ఎట్లా భ్రమింపజేస్తుందో తెలుసుకొనుటకు జీడిమామిడి చక్కని ఉదాహరణ.

జన్మస్థానం - పేరు

జీడిమామిడి స్వస్థలం దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ ప్రాంతం. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దీనిని భారతదేశపు పశ్చిమ తీరానికి తెచ్చారు. బ్రెజిల్ ఆదివాసుల టూపీ భాషలోని 'అకాజూ' అనే పదం పోర్చుగీసువారి నోట 'కాజూ' అయింది. ఉర్దూ మాట్లాడే మన సోదరులు నేటికీ పలికే 'కాజూ' అదే. తెలుగువారు మాత్రం పరాయి పదాన్ని తీసుకోక, తమకు తెలిసిన రెండు చెట్ల పేర్లను కలిపి కొత్త పేరు పెట్టుకున్నారు. నల్లజీడి గింజ రసంతో పూర్వం రజకులు బట్టలపై గుర్తులు పెట్టేవారు. అటువంటి రసమే ఈ కొత్త చెట్టు పిక్కలోనూ ఉన్నది. పండు, చెట్టు మామిడిని తలపిస్తాయి. ఆశ్చర్యమేమంటే, నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ అనకార్డియేసి అనే ఒకే కుటుంబానికి చెందినవని శాస్త్రం కూడా నిర్ణయించింది. 1753లో లిన్నేయస్ దీనికి 'అనకార్డియం ఆక్సిడెంటేల్' అని నామకరణం చేశాడు. 'ఆక్సిడెంటేల్' అనగా పడమటిది అని అర్థం.

పుష్పం - ఫలం

జీడిమామిడి పూలు కొమ్మల చివర గుత్తులుగా పూస్తాయి. ఒకే గుత్తిలో పురుష పుష్పాలు, ద్విలింగ పుష్పాలు కలిసి ఉంటాయి. పురుష పుష్పాలకు అండాశయం పనిచేయదు కనుక అవి కాయలు కాయవు. అందుచేతనే చెట్టు నిండా పూత ఉన్నా కాపు తక్కువగా ఉంటుంది.

ఎర్రగానో పసుపుపచ్చగానో నిగనిగలాడే జీడిపండును చూసి, ఇది ఫలమనీ, కింద వేలాడే పిక్క విత్తనమనీ అనుకుంటాం. ఇది పొరపాటు. అండాశయం నుండి ఏర్పడేదే నిజమైన ఫలం. ఇక్కడ అండాశయం నుండి ఏర్పడేది మూత్రపిండాకారంలో ఉండే ఆ పిక్కయే. పండు అనుకొనేది ఉబ్బిన పూకాడ మాత్రమే. కనుక అది అనృత ఫలం. సందేహమున్నవారు ఒక గుత్తిని కొన్ని వారాలు వరుసగా పరిశీలించవచ్చు. ముందు పిక్క పూర్తి పరిమాణానికి పెరుగుతుంది. ఆ తరువాతనే కాడ ఉబ్బి, రసంతో నిండుతుంది. మనం తినే జీడిపప్పు పిక్కలోపలి విత్తనం. సులభంగా రెండుగా విడిపోయే ఆ బద్దలు రెండూ మొలకకు ఆహారాన్ని దాచి ఉంచే బీజదళాలు.

పెంకులోని రసం

ఈ ఏర్పాటులో ఒక ప్రయోజనమున్నది. తీపి గుజ్జుకు ఆశపడి గబ్బిలాల వంటి జీవులు పండును దూరంగా మోసుకొనిపోయి, గుజ్జు తిని పిక్కను వదిలివేస్తాయి. పిక్క జోలికి పోకుండా పెంకు కాపాడుతుంది. తేనెపట్టు వంటి గదులున్న ఆ పెంకులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ వంటి పదార్థాలతో కూడిన ఘాటైన రసం ఉంటుంది. రంగులు, వార్నిషులు, వాహనాల బ్రేకు లైనింగుల తయారీలో ఇది ఉపయోగపడుతుంది. కాని చర్మానికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. పిక్కలను కాల్చినా, ఆవిరిపట్టినా రసం పూర్తిగా పోదు. పిక్క కొట్టే స్త్రీలు చేతులకు నూనెయో బూడిదయో రాసుకొంటారు. అయినను వేళ్ళు నల్లబడి, చర్మం ఊడుతుంది. విత్తనాన్ని రక్షించుకొనుటకు చెట్టు సిద్ధం చేసుకొన్న ఆయుధం ఈ శ్రామికుల చేతులకే తగులుతున్నది. విందులలో జీడిపప్పును రుచి చూసేవారు ఈ సంగతి మరువరాదు. చేతితొడుగులు దయతో ఇచ్చే కానుక కాదు. పెంకు నిర్మాణం తెలిసినవారు తప్పక సమకూర్చవలసిన రక్షణ.

కాండం - తుఫాను

జీడిమామిడి ద్విదళబీజ వృక్షం. దీని బెరడు లోపల విభజన చెందుతూ ఉండే పలుచని కణాల పొర ఒకటి ఉన్నది. అది లోపలివైపు దారువును, వెలుపలివైపు పోషక కణజాలాన్ని నిర్మిస్తూ కాండాన్ని ఏటేటా లావెక్కిస్తుంది, గాయాలను మాన్పుతుంది. ఏకదళబీజమైన కొబ్బరికి ఈ పొర లేదు. దాని ప్రాణమంతా తలలోని ఒక్క మొగ్గలోనే ఉన్నది.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. వేళ్ళతో పెకలిన చెట్టుకు ఏ జాతిదైనా ఆశ తక్కువే. కాని తల విరిగిన కొబ్బరి ఎంత నిటారుగా నిలిచినా మరణించినట్లే. కొమ్మలు విరిగి మోడైన జీడిమామిడి వేళ్ళు బాగుంటే, బెరడు కింద నిద్రించే మొగ్గలు మళ్ళీ చిగురించగలవు. వాటిపై మేలుజాతి అంటు కట్టి చెట్టును పునరుద్ధరించవచ్చు. ఏది తీసివేయాలి, ఏది నిలుపుకోవాలి అనే నిర్ణయంలో రైతు అనేక సంవత్సరాల శ్రమ ఇమిడి ఉంటుంది.

కావున విద్యార్థి మిత్రులు వృక్షశాస్త్రాన్ని పరీక్షలకై వల్లించే పేర్ల పట్టికగా భావించరాదు. ఏది ఫలమో, ఏది కాడయో, ప్రాణం ఎక్కడ దాగి ఉన్నదో తెలుసుకొనుటకు ముందుగా చెట్టు దగ్గరకు పోయి ఓపికతో చూడవలెను. ఆ జ్ఞానం పిక్క కొట్టే చేతికి, తోట పోగొట్టుకొన్న రైతుకు ఉపకరించిన నాడే మన చదువు సార్థకమవుతుంది.