పాత లారీ కొనుటలో చూడవలసినది వయస్సా, కిలోమీటర్లా?

హిజ్లీ, ఖరగ్‌పూర్ ప్రాంతములో తెలుగు కుటుంబములు తరతరాలుగా నివసించుచున్నవి. అచ్చటి నుండి 16వ జాతీయ రహదారి బాలేశ్వర్, భువనేశ్వర్ మీదుగా శ్రీకాకుళం, విశాఖపట్నం చేరును. ఈ దారిలో తిప్పుటకు రుణముపై పాత లారీ కొనదలచినవారు బేరమునకు ముందు ఈ లెక్క చూచుకొనవలెను.

ఒకే ధరకు రెండు ఆరు చక్రాల లారీలు వచ్చినవనుకొందము. మొదటిది 9 ఏండ్లది, తిరిగినది 1,80,000 కి.మీ. రెండవది 5 ఏండ్లది, తిరిగినది 4,50,000 కి.మీ. మొదటిదే మేలని తోచును. కాని 12 ఏండ్లు దాటిన ఆరు చక్రాల లారీకి నేషనల్ పర్మిట్ లభించదు. రుణము 5 ఏండ్లదైనచో, చివరి 2 ఏండ్లు వాయిదాలు ఉండును గాని, ఆ పర్మిట్‌పై రాష్ట్రము దాటు కిరాయి ఉండదు. రెండవ బండి రుణము తీరునాటికి 10 ఏండ్లదే. పైగా 8 ఏండ్లు దాటిన బండికి ఎఫ్‌.సి. ఏటేటా చేయించవలెను.

తక్కువ తిరిగి నిలిచియున్న బండిలో రబ్బరు గొట్టములు, సీళ్లు, టైర్లు గట్టిపడును. టైరుపై 2319 అని ఉన్నచో అది 2019లో 23వ వారమున తయారైనదని అర్థము. ఎక్కువ తిరిగిన బండికి ఇంజను, క్లచ్, గేర్‌బాక్సు, ఛాసిస్ పగుళ్లు నమ్మకమైన మెకానిక్‌చే చూపించి, మరమ్మతు ఖర్చును ధరలో తగ్గించుకొనవలెను.

మీటరు అంకెను పాత మరమ్మతు బిల్లులతో సరిపోల్చుడు. ఆర్‌.సి.లో పాత రుణము నమోదై ఉన్నచో, ఫారం 35తో అది రద్దయిన పిమ్మటనే పూర్తి సొమ్ము చెల్లించుడు. ఒకే జిల్లాలో దగ్గరి కిరాయిలకైతే మాత్రము, చక్కగా వాడిన మొదటి బండి కూడ పనికివచ్చును.