నేలమంటి నుండి ప్రాణము

చదువవలసిన భాగములు: ఆదికాండము 1:9–25; 2:7; కీర్తన 104:10–30

బిలాస్‌పూర్ రైల్వే పట్టణమునకు చేరువనున్న లాల్‌ఖదాన్ అను పేరునకు హిందీలో “ఎఱ్ఱ గని” అని అర్థము. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములనుండి బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబములు కాపురమున్నవి. అట్టి కుటుంబములోని పిల్లవాడు పాఠశాలలో జీవోత్పత్తిని గూర్చి చదువును. ఆదివారమున ఆదికాండమును వినును. ఈ రెంటిలో దేనిని విడువవలెనని అతడు అడుగును. ఆ ప్రశ్నకు భయపడి గద్దించు సంఘము అట్టి పిల్లలను పోగొట్టుకొనును.

మొదట ఆ ఎఱ్ఱ మంటినే చూడవలెను. ఇనుము ఆక్సిజన్‌తో కలిసినందున నేలకు ఎఱుపు కలుగును. అయితే భూమి తొలి దినములలో గాలియందు ఆక్సిజన్ దాదాపు లేదు. అది తరువాత జీవులవలననే విస్తరించెను. ఆక్సిజన్ లేని అట్టి లోకములో నిర్జీవ పదార్థములనుండి జీవపదార్థములు క్రమముగా ఏర్పడియుండునని రష్యాలో ఓపారిన్ 1924లోను, ఇంగ్లాండులో జె.బి.ఎస్. హాల్డేన్ 1929లోను వ్రాసిరి. సూర్యుని అతినీలలోహిత కిరణములు నీటిమీదను వాయువులమీదను పనిచేయగా, ఆదిమ సముద్రము వేడియైన పలుచని రసమువలె మారెనని హాల్డేన్ తలంచెను.

ఈ హాల్డేన్ తెలుగువారికి పరాయివాడు కాడు. ఆయన 1957లో కలకత్తాకు వచ్చి, 1961లో భారత పౌరుడాయెను. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరములో హాల్డేన్ మరణించగా, ఆయన కోరిక చొప్పున దేహమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల అధ్యయనార్థము అప్పగించిరి. ఆయన దేవుని నమ్మినవాడు కాడు. అయినను తన దేహమును సహితము ఇతరుల జ్ఞానాభివృద్ధికి ఇచ్చిన ఆ ఉదారతను విశ్వాసి గౌరవింపవలెను.

1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ నీటి ఆవిరి, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్‌లను గాజుపాత్రలలో నుంచి, వాటిగుండా విద్యుత్తు మెఱుపులను పంపెను. కొన్ని దినములకు ఎమినో ఆమ్లములు కనబడెను. మాంసకృత్తులు వీటితోనే కట్టబడును. ఆదిమ వాయుమండలము ఆ మిశ్రమము వంటిది కాకపోవచ్చునని తరువాతి శాస్త్రజ్ఞులు చెప్పిరి. అయితే 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో పడిన ఉల్కయందును ఎమినో ఆమ్లములు దొరకెను. ఇటుకలు దొరకినవి గాని, ఇల్లు ఎట్లు లేచెనో ఇంకను తెలియలేదు. నిర్జీవ పదార్థములనుండి సజీవ కణమును ఇంతవరకు ఎవరును చేయలేదు.

ఇచ్చట విశ్వాసికి ఒక శోధన కలదు. “శాస్త్రజ్ఞులు చేయలేకపోయిరి గనుక దేవుడున్నాడు” అని కొందరు సంతోషింతురు. రేపు వారు చేసినయెడల ఆ విశ్వాసము ఏమగును? మనుష్యుల అజ్ఞానముమీద కట్టిన ఇల్లు ఇసుకమీద కట్టిన ఇల్లే.

లేఖనము అట్లు బోధింపలేదు. ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు మొక్కలను మొలిపించుమని భూమికే ఆజ్ఞాపించెను. జీవరాసులను పుట్టించుటకు నీటికిని నేలకును సెలవిచ్చెను. ఆదాము అను పేరు సహితము నేల అను హెబ్రీ మాటతో కూడినది. ఆ మాటకు ఎరుపుతో సంబంధము కలదని పండితులు అందురు. మన్ను సాధనమగుట దేవునికి అవమానము కాదు. రాత్రి రుబ్బిన పిండి సూక్ష్మజీవులవలన పులియునని నేర్చుకొనిన కుమారుడు, ఉదయమున ఇడ్లీలు పెట్టినది తల్లి కాదని చెప్పునా? ఎట్లు జరిగెనని విజ్ఞానము వెదకును. ఎవరి చిత్తమువలన, ఎందుకొరకు అని విశ్వాసము అడుగును.

కాబట్టి లాల్‌ఖదాన్ పిల్లవాడు రెండు పుస్తకములను మూయనక్కరలేదు. అతడు పాఠమును శ్రద్ధగా చదువవచ్చును, తెలియనిదానిని తెలియదని చెప్పవచ్చును, తన ఊపిరినిబట్టి దేవుని స్తుతింపవచ్చును.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. ఆదికాండము 1:11, 20, 24 వచనములలో దేవుడు వేటికి ఆజ్ఞ ఇచ్చెను?
2. మనుష్యులకు తెలియని సంగతులమీద విశ్వాసమును నిలుపుట ఎందుకు అపాయకరము?
3. నమ్మని పండితునియందు కనబడు మేలును గౌరవించుట ఎట్లు?