పాఠం 14: బూరెగాడు తిన్నాడా?

చదివే ముందు

ఈ పాఠంలో ఒక బొమ్మ ఎలుగుబంటి ఉంది. పేరు బూరె. బూరె అంటే మీకు తెలిసే ఉంటుంది: ఉడికించిన శనగపప్పులో బెల్లం కలిపి ఉండలు చేసి, పిండిలో ముంచి, నూనెలో వేయించే పండగ వంట. కథ చెప్పేది షార్జాలో ఉండే ఒక అక్క. ముందు కథంతా పైకి చదవండి. తెలియని మాట వస్తే ఆగకండి, గీత గీసి ముందుకు వెళ్ళండి.

కథ

బూరెని మా అమ్మమ్మ కుట్టింది. అమలాపురంలో, తమ్ముడు పుట్టిన ఏడాది. తన పాత గోధుమరంగు చీర కత్తిరించి, లోపల బూరుగు దూది కూరి, కళ్ళకి తాతయ్య చొక్కా గుండీలు రెండు పెట్టింది. పొట్ట మరీ గుండ్రంగా వచ్చింది. తాతయ్య చూసి, "ఇది ఎలుగుబంటా, బూరా?" అన్నారట. పేరు అదే ఉండిపోయింది.

ప్రతి శుక్రవారం అమ్మమ్మతో బోటిమ్‌లో వీడియో కాల్. "ఎలా ఉన్నావురా?" అంటే తమ్ముడు "గుడ్" అని పారిపోతాడు. అదే "బూరెగాడు తిన్నాడా?" అని అడిగితే పది నిమిషాలు మాట్లాడతాడు. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. తమ్ముడికి తెలుగంటే సిగ్గు. అందుకని ఇద్దరూ బూరె గురించి మాట్లాడుకుంటారు.

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. మర్నాడే ఈద్. రెండు పండగలూ పక్కపక్కనే, పైగా బడికి సెలవులు. మా బిల్డింగ్ వెనక వేపచెట్టు ఉంది, పువ్వు అక్కడే కోశాం. మామిడికాయ రోలాలో దొరికింది. పచ్చడి నోట్లో పెట్టుకోగానే తమ్ముడు మొహం చిట్లించి, "బూరెగాడికి చేదు నచ్చలేదు" అన్నాడు.

ఈద్ పొద్దున ఎదురింటి సిరియా ఆంటీ ఒక పళ్ళెం నిండా మామూల్ తెచ్చింది. కొరికితే లోపల ఖర్జూరం ముద్ద. "ఇది మన కజ్జికాయకి చుట్టమే" అంది అమ్మ. పళ్ళెం ఖాళీగా పంపకూడదని పులిహోర పెట్టి ఇచ్చింది. సాయంత్రం దుబాయ్ వెళ్ళాం. బర్ దుబాయ్ నుంచి దేరాకి అబ్రా ఎక్కాం. మనిషికి ఒక దిర్హం. మేం నలుగురం. తమ్ముడు ఐదో దిర్హం కూడా ఇచ్చి బూరెని చూపించాడు. పడవ నడిపే ఆయన నవ్వి, ఆ నాణెం బూరె ఒళ్ళో పెట్టాడు. అవతలి ఒడ్డున లుకైమాత్ తిన్నాం. చిన్న చిన్న పిండి ఉండలు వేయించి, పైన ఖర్జూరం పాకం పోసి, నువ్వులు చల్లారు. నేను రెండు తిన్నాను, తమ్ముడు ఏడు తిన్నాడు. అందులో మూడు బూరె లెక్క అన్నాడు. నాన్న మాత్రం కరక్ చాయ్ తాగుతూ కూర్చున్నారు.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు నిద్రపోయాడు. నాన్న వాడిని ఎత్తుకుని పైకి తెచ్చారు. బూరె కారు వెనక సీట్లో ఉండిపోయాడు.

మర్నాడు ఎవరూ వెతకలేదు. ఆ మర్నాడూ అంతే. శుక్రవారం అమ్మమ్మ కాల్ చేసింది.

"బూరెగాడు తిన్నాడా?"

తమ్ముడు ఐప్యాడ్‌లోంచి తల ఎత్తలేదు. "తిన్నాడు అమ్మమ్మా."

"ఏం తిన్నాడేం?"

"రైస్."

బూరె ఇంట్లో లేడని నాకు తెలుసు. నేనూ ఏమీ అనలేదు.

ఏప్రిల్ 16, మంగళవారం. తెల్లవారుతూనే వాన. బడి ఆన్‌లైన్ అన్నారు. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. అల్ ఐన్ దగ్గర ఒక చోట ఒక్క రోజు లోపలే 254.8 మిల్లీమీటర్లు పడిందని తర్వాత చెప్పారు. 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ దేశంలో అంత వాన లేదట. రాత్రికి మా వీధి కాలువలా అయింది. కిటికీలోంచి చూస్తే మా కారు తలుపుల సగం దాకా నీళ్ళు. తమ్ముడు చూస్తూ చూస్తూ ఒక్కసారిగా, "బూరె!" అన్నాడు.

నాలుగో రోజు నీళ్ళు కాస్త తగ్గాక నాన్న ప్యాంటు మడుచుకుని కారు దాకా వెళ్ళి, బూరెని ఒక ప్లాస్టిక్ సంచిలో తెచ్చారు. ఒళ్ళంతా బురద. వాసన. తమ్ముడు దూరంగా నిలబడ్డాడు.

"అది పాడైపోయింది. పారేయండి."

అమ్మ నా వైపు చూసింది. బూరెని వాడు అంతకు ముందు ఎప్పుడూ 'అది' అనలేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మ కాల్ చేసి ఎప్పటిలాగే అడిగింది. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "అమ్మమ్మా, నేను అబద్ధం చెప్పాను. వాడు తినలేదు. వాడు కార్లో ఉన్నాడు. నేను మర్చిపోయాను." అన్నీ తెలుగు మాటలే.

"ఏడవకురా కన్నా. ఏదీ, చూపించు వాడిని" అంది అమ్మమ్మ. "బూరుగు దూది అంత తేలిగ్గా నీళ్ళు పీల్చదు. పూర్వం ఓడల్లో వాళ్ళు మునిగిపోకుండా వేసుకునే చొక్కాల్లో ఆ దూదే కూరేవారు. వీపు మీద కుట్టు విప్పండి. దూది మెల్లగా బయటికి తీయండి. పిండొద్దు."

తమ్ముడు కళ్ళు తుడుచుకుని అడిగాడు, "పిండి ఎందుకు వేస్తాం అమ్మమ్మా?"

అమ్మమ్మకి నవ్వు ఆగలేదు. మాకూ ఆగలేదు.

చీర గుడ్డని మూడుసార్లు ఉతికాం. దూదిని పాత దుప్పటి మీద పరిచి, ఎగిరిపోకుండా పైన పల్చటి గుడ్డ కప్పి, నీడలో ఆరబెట్టాం. ఐదు రోజులు పట్టింది. మళ్ళీ కూరేటప్పుడు తమ్ముడే దూది అందించాడు. పొట్ట మీద నీటి గీత ఒకటి పోలేదు. ఒక కన్ను కొంచెం కిందికి జారింది, అది నా కుట్టు తప్పు.

తర్వాతి శుక్రవారం అమ్మమ్మ అడగకముందే తమ్ముడు చెప్పాడు: "ముద్దపప్పు తిన్నాడు. నెయ్యి వేశాను."

మాటల గురించి

'వాడు', 'అది' అనే మాటల దగ్గర కాసేపు ఆగుదాం, కథంతా వాటి మీదే నడిచింది. తెలుగులో బొమ్మలు, జంతువులు 'అది'. కాబట్టి పుస్తకం ప్రకారం "బూరె తిన్నది" అనాలి. ప్రేమగా పెంచుకున్న దాన్ని మాత్రం మనం మనిషిని చేసేస్తాం: "బూరె తిన్నాడు". ఇంకో వింత చూడండి. "అమ్మ తిన్నది", "పిల్లి తిన్నది" రెంటికీ క్రియ ఒకటే. ఎక్కువమంది అయితేనే తేడా తెలుస్తుంది: అమ్మలు తిన్నారు, పిల్లులు తిన్నాయి. మీ ఇంట్లో "తిన్నది" బదులు "తింది" అంటే అదీ సరైనదే.

'గాడు' అనేది చిన్న పిల్లవాళ్ళకి ముద్దుగా తగిలిస్తాం: బుజ్జిగాడు, చంటిగాడు. పెద్దవాళ్ళ పేరుకి మాత్రం ఎప్పుడూ తగిలించకండి, అది తిట్టు అవుతుంది. తాతయ్య విషయంలో అక్క "అన్నారు" అని రాసింది, అమ్మమ్మకి "అంది" అని రాసింది. చాలా ఇళ్ళల్లో ఇంతే. అమ్మమ్మ మీద గౌరవం తక్కువై కాదు, చనువు ఎక్కువై.

'పిండి' అంటే పొడి. బియ్యప్పిండి, శనగపిండి. 'పిండు' అంటే తడి బట్టని మెలితిప్పి నీళ్ళు తీయడం. పిండి వద్దు, పిండవద్దు: గబగబా అంటే రెండూ ఒకేలా వినిపిస్తాయి, కాబట్టి తమ్ముడిది పెద్ద తప్పేం కాదు.

లుకైమాత్ అరబ్బీ మాట. 'లుక్మా' అంటే నోటికి పట్టేంత ముద్ద. లుకైమాత్ అంటే చిన్ని ముద్దలు. అమ్మమ్మలు పిల్లలకి తినిపించే గోరుముద్దని గుర్తు చేసుకోండి. నాన్న తాగిన కరక్ చాయ్‌లో 'కరక్' మన వైపు నుంచి వెళ్ళిందే. హిందీలో 'కడక్' అంటే గట్టిది, ఘాటైనది. అరబ్బీలో మన 'డ' పలుకు లేదు, అందుకే మాట కొంచెం మారింది.

అభ్యాసం

1. "ఏం తిన్నాడేం?" అన్న ప్రశ్నకి తమ్ముడు "రైస్" అన్నాడు. అబద్ధమని అమ్మమ్మకి అప్పుడే అనుమానం వచ్చి ఉంటుందా? మీరేమనుకుంటున్నారు? రెండు మూడు వాక్యాల్లో రాయండి.

2. ఈ వాక్యాల్ని 'వాడు' తో మార్చండి: అది పడవ ఎక్కింది. అది తడిసిపోయింది. దానికి ఆకలేసింది.

3. అమ్మమ్మ చెప్పిన పనుల్ని వరసగా మీ తమ్ముడికో చెల్లెలికో చెబుతున్నట్టు రాయండి. "విప్పండి" కాదు, "విప్పు" అనాలి. "పిండొద్దు" మారుతుందా?

4. ఈ వారం ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో, తాతయ్యకో, నానమ్మకో ఫోన్ చేసి, వాళ్ళు చిన్నప్పుడు ఆడుకున్న బొమ్మ దేనితో చేశారో అడగండి. వాళ్ళు వాడిన మాటల్లో మీకు తెలియనివి రెండు ఇక్కడ రాసుకుని, అర్థం కూడా వాళ్ళనే అడగండి.