భూదృశ్య వాస్తు పరిశోధనకు పూనుకొనువారికి

ఐదేండ్ల బి.ఆర్క్. ముగించి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చరును స్నాతకోత్తర విద్యగా నెన్నుకొనువారిలో పెక్కుమంది, భవనము లేచిన పిమ్మట మిగిలిన జాగాలో పచ్చిక పరపించి పూలమొక్కలు నాటించుటయే ఈ శాస్త్రమని తలచి ప్రవేశింతురు. అంతటితో తృప్తి నొందువారికి పరిశోధనతో పనిలేదు. మంచి నర్సరీలో ఒక యేడు పనిచేసిన నెక్కువ లాభము. నేలవాలు, నీటినడక, మన్ను, వృక్షజాతి, మనుష్యుల వాడుక యనువానిని వేర్వేరు పటములపై గీసి, యొకదానిపై నొకటి పరచి, ఎచ్చట కట్టదగునో ఎచ్చట కట్టరాదో తేల్చు పద్ధతిని 1969లో ‘డిజైన్ విత్ నేచర్’ గ్రంథమూలమున ప్రచారమునకు దెచ్చిన ఇయాన్ మెక్‌హార్గ్ త్రోవయే నేటికిని ఈ పరిశోధనకు రాజమార్గము.

ఆ త్రోవ పట్టగోరు తెలుగు విద్యార్థికి విషయదారిద్ర్యము లేదు. కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువులనే తీసికొనుడు: ఎగువచెరువు మత్తడి దూకిన నీరు వాగుగా సాగి దిగువచెరువును నింపవలెను, ఆ వాగు ప్లాట్లక్రింద పూడిపోయినచో, రెండు కట్టలును చెక్కుచెదరకయే యున్నను గొలుసు తెగినట్లే. 2015లో తెలంగాణమున నారంభమైన మిషన్ కాకతీయ, 46,000కు పైబడిన చెరువుల పునరుద్ధరణకు సంకల్పించి, పూడిక తీయించి, ఆ మన్ను పొలములకు తోలించినది. పూడిక తీసిన శిఖములో, అనగా చెరువుగర్భమున, మరల ఏ మొక్క మొలచినది, ఏ పక్షి రాక మానినది, పసులమేత యేమైనది—ఒక్కొక్కటి ఒక్కొక్క సిద్ధాంతవ్యాసమునకు చాలిన ప్రశ్న. వీని సమాధానము ఉపగ్రహచిత్రములో సగమే దొరకును. తక్కినది రెవెన్యూ కచేరిలోని గ్రామ నక్షాలోను, తూము నెత్తి దింపుటలో తల నెరసిన నీరటివాని జ్ఞాపకములోను ఉన్నది. శ్రావణమున చెరువును చూచి వైశాఖమున చూడనివాని పటమును నేను నమ్మను.

విజయవాడ, ఢిల్లీ నగరములలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ సంస్థలందును, అహ్మదాబాదు సెప్ట్ విశ్వవిద్యాలయమందును ఈ శాఖలో స్నాతకోత్తర విద్య కలదు. గేట్ పరీక్షలో అర్హత సాధించి, ఏ.ఐ.సి.టి.ఇ. ఆమోదించిన సంస్థలలో చేరినవారికి నెలకు 12,400 రూపాయల వేతనము లభింపవచ్చును. పిహెచ్.డి.కి యు.జి.సి. 2022 నియమావళి ననుసరించి కనీసము 3 సంవత్సరములు, సాధారణముగ గరిష్ఠము 6 సంవత్సరములు గడువు.

సంస్థ పేరుకంటె మార్గదర్శకుని యెంపిక ముఖ్యము. దరఖాస్తునకు ముందే సిద్ధాంతవ్యాసముల భాండారమైన శోధ్‌గంగలో ఆ యాచార్యుల శిష్యుల వ్యాసములు రెండుమూడు చదివి, వారు క్షేత్రమున నెన్ని ఋతువులు గడపిరో చూచికొనుడు. పిమ్మట వ్రాయు ప్రతిపాదనలో సిద్ధాంతచర్చకు పూర్వమే మీ చెరువు పేరు, మండలము, దాని ఎగువ దిగువ చెరువుల పేర్లు చేర్చుడు.