అతుకు కనిపించని డిజైన్‌కు అవకాశాలెన్నో!

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చూస్తే ఒక సంగతి వెంటనే అర్థమవుతుంది. రంగు అద్దిన టేకు అచ్చు బట్టపై పడుతుంది. రెండోసారి అది సరిగ్గా పక్కనే, అంచుకు అంచు కలిసేలా పడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పూలతీగ అక్కడ తెగినట్టే. దుప్పటి అంతా పరిచాక అతుకు ఎక్కడుందో కనిపించకూడదు.

ఒక పువ్వును అందంగా గీయడం వేరు. అదే పువ్వు వందసార్లు పక్కపక్కన పడినా అతుకు తెలియకుండా గీయడం వేరు. ఆ రెండో విద్య వచ్చినవారే ప్యాటర్న్ డిజైనర్లు. చీరలు, దుప్పట్లు, కర్టెన్లు, వాల్‌పేపర్లు, టైల్స్, గిఫ్ట్ కవర్లు.. వీటన్నిటికీ వారు కావాలి.

ఎవరికి నప్పుతుంది?

గీసే చెయ్యితో పాటు లెక్క మీద పట్టు ఉన్నవారికి. పోచంపల్లిలో డిజైన్ నేతకు ముందే నూలు మీద తయారవుతుంది. ఆసు పోసిన, అంటే మేకుల చుట్టూ వరుసగా చుట్టిన దారాలకు గ్రాఫ్ ప్రకారం ముడులు కట్టి రంగులద్దుతారు. ముడి తప్పితే మగ్గం మీద ఆకారం చెదిరిపోతుంది. ఆసు పోయడానికి ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి తిప్పాలి. తల్లి పడే ఆ శ్రమ చూడలేక చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. కళతో పాటు యంత్రాలపై ఆసక్తి ఉన్నవారికీ ఈ రంగంలో చోటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఎక్కడ చదవాలి?

ఇంటర్ ఏ గ్రూపుతో పూర్తిచేసినా హైదరాబాద్ నిఫ్ట్‌లో నాలుగేళ్ల బీడిజైన్‌ (టెక్స్‌టైల్ డిజైన్)కు ప్రయత్నించవచ్చు. ప్రవేశ పరీక్షలో ఊహాశక్తిని, గీసే నైపుణ్యాన్ని చూస్తారు. ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో టెక్స్‌టైల్, అపారెల్ డిజైన్ ఉంది. దీనికి డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ప్రిలిమ్స్, మెయిన్స్ రాయాలి. పదో తరగతి తర్వాతే చేనేత సాంకేతికత నేర్చుకోవాలంటే వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది.

చదువయ్యాక మిల్లులు, ఎగుమతి సంస్థలు, ప్రింట్ స్టూడియోల్లో ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. సొంతంగా డిజైన్లు గీసి అమ్ముకునే వీలూ ఉంది. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ తప్పక రావాలి.

ఈరోజే మొదలుపెట్టండి

చదరపు కాగితం మధ్యలో అంచులకు తగలకుండా ఒక బొమ్మ గీయండి. కాగితాన్ని నాలుగు సమాన ముక్కలు చేసి, ఎదురెదురు మూలల్లోని ముక్కలను ఒకదాని చోట మరొకటి పెట్టి అతికించండి. మధ్యలో ఏర్పడిన ఖాళీని నింపండి. దాన్ని తొమ్మిది జిరాక్సులు తీసి పక్కపక్కన పేర్చి చూడండి. అతుకు కనిపించకపోతే, దాన్ని మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోండి. కనిపిస్తే, మళ్లీ గీయండి.