పావు గడి తేడా - ఒక మందు లెక్క

ఈ హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ సగటు అంటే మనకు మార్కుల సగటే. ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్‌లో చేరాక మందుల పరీక్షల లెక్కలు చేశాం. వాటిలో ఒకటి తమ్ముళ్ళకు చెప్పాలనిపించింది. వర్గమూలం తెలిస్తే చాలు.

ఈసీజీలో క్యూ గీత మొదలు నుంచి టి అల చివరిదాకా పట్టే కాలం క్యూటీ. గుండె కింది గదులు ముడుచుకుని మళ్ళీ సిద్ధమయ్యే వ్యవధి అది, సుమారు 400 మిల్లీసెకన్లు. కొన్ని మందులు దీన్ని సాగదీస్తాయి. మరీ సాగితే లయ తప్పి ప్రాణమే పోవచ్చు. తుమ్ములకు వాడిన టెర్ఫెనడిన్ మాత్రను అమెరికాలో 1998లో మార్కెట్ నుంచి తీసేసింది ఇందుకే. ఎరిత్రోమైసిన్‌తో కలిస్తే దాని ప్రమాదం ఇంకా ఎక్కువ. 2005 నాటి ఐసీహెచ్ ఇ14 మార్గదర్శకం ప్రకారం, పెరుగుదల సగటున 10 మిల్లీసెకన్లు దాటదని 95 శాతం నమ్మకంతో చూపాలి. ఈసీజీ కాగితంపై చిన్న గడి 40 మిల్లీసెకన్లు. అంటే పావు గడి కోసం ఇంత వెతుకులాట!

మనిషికీ మనిషికీ మధ్య క్యూటీ 30 తేడా ఉండటం మామూలే. అందుకే క్రాస్ ఓవర్ పద్ధతి. ఒకే మనిషికి ఒక విడత అసలు మాత్ర, మరో విడత మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. సగం మందికి ఇది ముందు, మిగతా సగానికి అది ముందు. గుండె వేగాన్ని బట్టి క్యూటీని సరిచేసి, ఏ మనిషిని ఆ మనిషితోనే పోలుస్తారు.

మేము వేసుకున్న అంకెలు చూడండి. ముగ్గురికి ఉత్తుత్తి మాత్రతో 390, 420, 405. మందుతో 395, 428, 416. తేడాలు 5, 8, 11. సగటు 8. పది లోపే కదా అని సంబరపడకూడదు. ప్రామాణిక విచలనం 3. దాన్ని 3 వర్గమూలంతో భాగిస్తే 1.73, టి పట్టికలోని 2.92తో గుణిస్తే 5. పై హద్దు 8+5=13. మందు తప్పింది. (నిజం పరీక్షలో పదుల మంది ఉంటారు, రోజులో పలు గంటలకు విడివిడిగా ఇదే లెక్క. క్యూటీని కొద్దిగా పెంచుతుందని ముందే తెలిసిన మాక్సీఫ్లాక్సాసిన్‌ను కూడా ఇస్తారు. త్రాసును తూకంరాయితో సరిచూసుకున్నట్టు.)

రెండు విడతల మధ్య మొదటి మందు ఒంట్లోంచి పోవాలి. ఒక అర్ధాయువుకు సగం, అయిదు అర్ధాయువులకు ముప్పైరెండో వంతు మిగులుతుంది. ఈ విరామం చాలకపోతే తర్వాత ఏ సూత్రమూ సరిదిద్దలేదు.

మాకు తెలిసిన ఒకబ్బాయి ఇంటికి డబ్బు పంపాలని ఒక కేంద్రంలో మాత్రలు మింగాడు. ఆ సంగతి దాచి, వారం తిరక్కుండానే ఇంకో కేంద్రంలో చేరాడు. అతన్ని తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు. కానీ పై లెక్కలో మూడోవాడు అతనే అనుకుందాం. ముందు అతనికి ఉత్తుత్తి మాత్ర వంతు వచ్చింది. పాత మందు ఒంట్లో ఉండటంతో 405కు బదులు 411 నమోదైంది. రెండో విడతకు అది పోయింది కనుక 416 అలాగే ఉంది. తేడాలిప్పుడు 5, 8, 5. సగటు 6, విచలనం 1.73, పై హద్దు 8.9.

మందు పాసైంది.