మంచినీటి చేపల వేట – వేళయు నీటి వాలకమును

మన తెలుగుదేశమున చెఱువు లేని గ్రామ మరుదు. చెఱువు పొలములకు నీరిచ్చును. పశువుల దాహము తీర్చును. గ్రామమునకు చేపల నిచ్చును. నీటిపారుదలను గూర్చియు, త్రాగునీటి శుభ్రతను గూర్చియు మనము పాఠములు చదువుచున్నాము గాని, చేపల వేట మాటవచ్చునప్పటికి "అదృష్టమున్నవానికి దొరకును" అని చెప్పి యూరకుందుము. ఇది సరియైన మాట కాదు. ఒకే చెఱువున, ఒకే గాలముతో, ఒకే యెరతో ఒకడు ప్రొద్దు పొడిచిన రెండు గంటలలో బుట్ట నింపుకొనును. మఱియొకడు మిట్టమధ్యాహ్నమున మూడు గంటలు కూర్చుండి వట్టి చేతులతో నిల్లు చేరును. ఈ భేదము అదృష్టమున లేదు, వేళలో నున్నది.

మంచి వేళ యేది? అది యేల మంచిది? ఈ రెండు ప్రశ్నలకును ఈ వ్యాసమున సమాధానము చెప్పబూనితిమి. వీనికి తోడు మూడవ ప్రశ్న యొకటి కలదు: చేప సులభముగా దొరకు ప్రతి వేళయు పట్టదగిన వేళయేనా? దానిని తుదను విచారింతము.

1. చేప యూపిరి

మనకు గాలి యెట్లో చేపకు నీట కరగియున్న ప్రాణవాయు వట్లు. చేప నోటితో నీరు పుచ్చుకొని మొప్పలగుండ విడచునపుడు ఆ వాయువు దాని రక్తమున చేరును. నీరు వేడెక్కినకొలదిని ప్రాణవాయువును పట్టియుంచు శక్తి దానికి తగ్గును. 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల మంచినీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, 30 డిగ్రీల నీరు సుమారు 7.5 మిల్లీగ్రాములను మాత్రమే ఇముడ్చుకొనును. మఱియొక చిక్కును గలదు. చేప దేహపు వేడి నీటి వేడిని బట్టి మాఱుచుండును. నీరు కాగినకొలదిని దాని దేహమునకు ప్రాణవాయువు హెచ్చుగా కావలసివచ్చును. రాబడి తగ్గినపుడే ఖర్చు పెరుగుచున్నదన్నమాట. అందుచేతనే వేసవిలో మిట్టమధ్యాహ్నమున చేప మేత మాట మఱచి లోతునకో, తామరాకుల నీడకో చేరి కదలకుండును.

ఇక రాత్రింబవళ్ల భేదము. పగలు సూర్యకాంతి సోకినపుడు నీటిలోని పాచియు, నాచును ప్రాణవాయువును పుట్టించి నీటికిచ్చును. రాత్రి యీ పని యాగిపోవును; చేపలతోబాటు ఆ మొక్కలును ప్రాణవాయువును పుచ్చుకొనుచునే యుండును. కావున పాచి దట్టముగానున్న చెఱువున తెల్లవారుటకు ముందు ప్రాణవాయువు మిక్కిలి తక్కువగాను, మధ్యాహ్నము దాటిన పిమ్మట మిక్కిలి యెక్కువగాను ఉండును.

ఈ రెండు సంగతులను కలిపి చూచినచో మంచి వేళ తనంతట తానే తేలును. వేసవిలో ప్రొద్దు పొడిచిన తరువాత రెండు మూడు గంటలును, సాయంకాలము ఎండ చల్లబడినది మొదలు చీకటి పడువఱకును మంచి వేళలు. పుష్య మాఘములలో నీరు చల్లనై చేప ఆకలి మందగించును గాన, ఎండ కాస్త నీటికి పట్టిన పిమ్మట, అనగా ఉదయము పది గంటలు మొదలు మధ్యాహ్నము వఱకు వేచియుండుట మేలు. సన్నని మబ్బు క్రమ్మి చిఱుగాలి వీచు దినమున పగలంతయు అనుకూలమే.

2. నోరు చూచి చోటు తెలిసికొనుట

వేళ తెలిసినను చోటు తెలియనిచో లాభము లేదు. ఏ చేప యెక్కడ మేయునో దాని నోరే చెప్పును. బొచ్చె చేపకు నోరు పెద్దది, పైకి తిరిగియుండును. అది నీటి పైభాగమున తేలు సూక్ష్మజీవులను తినును. శీలావతి నడిమి నీటియందు మేయును. ఎఱ్ఱమోసు నోరు క్రిందికి వంగియుండును. అది అడుగు బురదలో కుళ్లిన యాకులను, అలములను వెదకుకొనును. ఈ మూడింటిని ఒకే చెఱువున కలిపి పెంచుటకు కారణ మిదియే. ఒకదాని కంచము నొకటి ముట్టదు. కొఱమీను మాంసాహారి. అది గట్టు దాపున, తామర తూడుల నడుమ పొంచియుండి కప్పలను, చిన్న చేపలను పట్టుకొనును. వాలుగయు, జెల్లలును మీసముల సాయముతో చీకటిలోను మేత కనిపెట్టగలవు. కావున వానికి ప్రొద్దు క్రుంకిన తరువాతి వేళ మంచిది. బెండును ఎంత యెత్తున కట్టవలయునో, సీసపు గుండును వేయవలయునో మానవలయునో యీ భేదమును బట్టి నిర్ణయించుకొనవలెను.

గాలి సంగతి పలువురు గమనింపరు. గాలి నీటి పైపొరను తనతో త్రోసికొనిపోవును. పైన తేలు సూక్ష్మజీవులును, పురుగులును ఆ పొరతోబాటు ఎదుటి గట్టునకు చేరును. వానివెంట చిన్న చేపలును, వానివెంట పెద్ద చేపలును చేరును. ఆషాఢ శ్రావణములలో పడమటి గాలి విడువక వీచునపుడు తూర్పు గట్టున వేట హెచ్చు. గాలికి వెన్నిచ్చి కూర్చుండుట మనకు సుఖమేగాని, గాలి కెదురుగా కూర్చుండువానికే చేప చేరువ.

3. వానయు, ఉఱుమును

ఎండిన దినముల తరువాత పడిన వాననీరు వాగుగుండ చెఱువులోనికి వచ్చునపుడు చల్లదనమును, ప్రాణవాయువును, కొట్టుకొనివచ్చు పురుగులను తెచ్చును. అట్టి వేళ నీరు దిగు చోటికి చేపలు గుంపులుగా చేరును. అయితే నీరు మఱీ యెఱ్ఱబడినచో కంటితో మేత వెదకు చేపలు కానరాక తిరుగును. మీసములు గల చేపలు మాత్రమే ఎరను పట్టుకొనును. నీరు తేరువఱకు రెండు మూడు దినము లోర్చుకొనుట మంచిది.

గాలివాన వచ్చునపుడు వాయుభారము తగ్గుటచేత చేపలు మేత మానునని కొందఱందురు. దీనిని లెక్క వేసి చూతము. వాయుభార మొక మిల్లీబారు తగ్గుట ఇంచుమించు ఒక సెంటిమీటరు నీటి బరువు తగ్గుటకు సమానము. గట్టి తుపాను వలన 30 మిల్లీబారులు తగ్గినను అది 30 సెంటిమీటర్ల నీటికి సరిపోవును. చేప ఒక మూర లోతు దిగినను, ఎక్కినను అంతకంటె హెచ్చు భేదమును ప్రతిదినము అనుభవించుచునే యున్నది. కావున వాయుభారముకంటె, దానితో వచ్చు మబ్బు, గాలి, నీటి చల్లదనము అనువానినే కారణములుగా ఎంచుట యుక్తము.

ఉఱుము వినబడగానే మాత్రము కఱ్ఱ దించి, నీటిని విడిచి, కప్పుగల ఇంటిలోనికి పోవలయును. తడిసిన కఱ్ఱను ఎత్తిపట్టుకొని విశాలమైన నీటి యొడ్డున నిలుచుట పిడుగును పిలుచుటయే. చెట్టు క్రిందను నిలువరాదు.

4. రాత్రి వల – గెన్నేసరెతు సరస్సు

గాలమునకు మంచి వేళ వలకు మంచిది కాకపోవచ్చును. గాలమునకు చేప ఎరను చూచి రావలయును. వలకు చేప దారమును చూడక రావలయును. నీరు తేటగానున్న చోట పగటివేళ చేప వలను కనిపెట్టి తప్పించుకొనును. కావున నిలువున కట్టు వలలకు చీకటి రాత్రులే అనుకూలము. వెన్నెల రాత్రులలో రాబడి తగ్గుట జాలరులకు అనుభవమే.

ఈ సంగతి తెలిసినవారికి సువార్తలోని యొక ఘట్టము క్రొత్తగా కనబడును. గలిలయ సముద్రమనబడు గెన్నేసరెతు నిజముగా ఉప్పు సముద్రము కాదు. 21 కిలోమీటర్ల పొడవును, 13 కిలోమీటర్ల వెడల్పును గల మంచినీటి సరస్సు. సముద్రమట్టమునకు సుమారు 210 మీటర్లు దిగువన నున్నది. ఆ కాలపు వలలు నారదారముతో అల్లినవి. తేటనీట పగలు అవి చేపకు కానవచ్చును. సీమోనును, అతని తోడివారును రాత్రియంతయు ప్రయాసపడుట సోమరితనము లేకుండుటను మాత్రమే గాక వృత్తిజ్ఞానమును గూడ తెలుపుచున్నది. తగిన వేళలో ఏమియు దొరకలేదు. తగని వేళలో వల వేయుమని ఆజ్ఞ అయ్యెను. వేట తెలియనివాడు ఆ మాటకు లోబడుట సులభము. వేట తెలిసినవాడు లోబడుట గొప్ప.

ఆ సరస్సునకు వాయవ్యపు టొడ్డున తబ్గా యనుచోట వెచ్చని యూటలు కలవు. చలికాలమున ముష్టు అను చేపలు ఆ వెచ్చదనమునకై అక్కడ గుంపుగూడును. మనయొద్ద వేసవిలో చేప చల్లదనమును వెదకుటయు, అక్కడ చలికాలమున వెచ్చదనమును వెదకుటయు ఒకే ధర్మము.

5. పట్టరాని వేళలు

ఇక మూడవ ప్రశ్న. చేప మిక్కిలి సులభముగా దొరకు వేళలు కొన్ని కలవు. అవియే పట్టరాని వేళలు.

మొదటిది: రెండు మూడు దినములు మబ్బుపట్టి గాలి స్తంభించినపుడు తెల్లవారుజామున చేపలన్నియు పైకి తేలి నోళ్లు తెఱచి కొట్టుకొనుట. అది వేటకు శుభశకునము కాదు. చెఱువునకు ఊపిరి యాడకుండుట. (కొఱమీను, మార్పు మొదలగునవి గాలిని పీల్చుటకై ఆరోగ్యముగానున్నపుడును పైకి వచ్చును, వానిని చూచి భయపడ నక్కఱలేదు.) అట్టి వేళ బుట్టతో పరుగెత్తుటకు మాఱు చెఱువును కౌలుకు తీసికొన్న మత్స్యకారుల సంఘమువారికి వెంటనే తెలుపవలయును. క్రొత్తనీరు విడచియు, నీటిని చిలికియు, ఎరువును మేతను ఆపియు చేపలను బ్రతికింపవచ్చును. ఆ చేపలపై సంవత్సరమంతయు ఆశపెట్టుకొన్న కుటుంబములు కలవని మఱవరాదు. చచ్చి తేలిన చేపను తినరాదు.

రెండవది: వానకాలమున కొఱమీను జంట తన పిల్లలను కాచుచుండుట. ఎఱ్ఱని చిఱు పిల్లలు నీటిపై ముద్దగా కదలుచుండగా తల్లిదండ్రులు దాపుననే యుండును. దగ్గఱకు వచ్చినదానినెల్ల ఎదుర్కొనును గాన అవి గాలమునకు తప్పక చిక్కును. కాని యా యొక్క చేపను పట్టినచో వందలకొలది పిల్లలు జెల్లలకును, వాలుగలకును, పక్షులకును మేతయగును.

మూడవది: తొలి వఱదకు గ్రుడ్లతో బరువెక్కిన చేపలు అలుగువద్ద ప్రవాహమున కెదురెక్కుట. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు నిలువనీటిలో సహజముగా గ్రుడ్లు పెట్టవు. వానికి పాఱు నీరు కావలయును. అందుచేత పూర్వము చెఱువులలో విడుచుటకు పిల్లలను నదులనుండియే తేవలసివచ్చెడిది. 1957 జూలై 10వ తేదీన హీరాలాల్ చౌధురి యను శాస్త్రజ్ఞుడు ఒరిస్సాలో గ్రంథిరసమును సూదితో ఎక్కించి యీ జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడయ్యెను. నేడు మన చెఱువులలోని పిల్లలు చాలభాగ మా మార్గమున పుట్టినవే. అయినను నదులలోను, జలాశయములలోను సహజసంతానమునకు వానకాలమే దిక్కు. అందుచేతనే పెక్కు జలాశయములలో వానకాలమున కొంతకాలము వేట ఆపుదురు. తూర్పు సముద్రతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేటను నిషేధించుటయు ఇట్టి యాలోచనచేతనే.

వేళను పోగొట్టుకొన్న నీటికి కొల్లేరే దృష్టాంతము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న యీ సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి నీరు తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. వఱదకు నిండుటయు, వేసవికి తగ్గుటయు దాని ప్రకృతి; చేపల పుట్టుకయు, జాలరుల పంచాంగమును దానిపైననే నడచినవి. సరస్సు నడుమ చేపల చెఱువులకై గట్లు లేచినపుడు నీటి రాకపోకలకు అడ్డు తగిలెను. 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను; 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడెను; 2006లో ప్రభుత్వమువారు అనేక గట్లను కొట్టించిరి. నీరు పాఱు త్రోవ మూసికొన్నచో చేపకు ఋతువు లేదు. చేపకు ఋతువు లేనిచో జాలరికి వేళ లేదు.

6. చేయదగిన పని

విద్యార్థులారా, ఈ విషయములను చదివి విడువక మీ గ్రామపు చెఱువున పరీక్షించి చూడుడు. ఒక నెల దినములు ఉదయ సాయంకాలములందు ఒకే చోట నిలిచి నీటి వేడిని, గాలి దిక్కును, మబ్బును, నీటి తేటదనమును, చేపలు ఎగురు చోటును పుస్తకమున వ్రాసికొనుడు. తేటదనమును కొలుచుట సులభము. జానెడు వెడల్పుగల తెల్లని పళ్లెమునకు బరువు కట్టి త్రాటితో దించుచు, అది కనుమఱుగగు లోతును గుర్తింపుడు. ఈ పద్ధతిని 1865లో ఆంజెలో సెక్కీ అను ఇటలీ దేశపు పాదిరి, ఖగోళశాస్త్రజ్ఞుడు, మధ్యధరా సముద్రమున ప్రయోగించెను. పళ్లెము కనబడు లోతు ఒక వారములో చాల తగ్గినచో పాచి పెరిగినదనియో, బురదనీరు చేరినదనియో గ్రహింపవచ్చును. పాచియైనచో తెల్లవారుజామున చేపలపై కన్నువేసి యుండుడు. ఒంటరిగా పోకుడు, ఈత రానివారు గట్టు దిగకుడు, గాలము వేయుటకు ముందు సంఘమువారి యనుమతి పొందుడు.

నెల గడచునప్పటికి మీ చెఱువునకు తగిన పంచాంగము మీచేతనే తయారగును. ఎప్పుడు గాలము వేయవలయునో అది చెప్పును. ఎప్పుడు వేయరాదో యదియు చెప్పును. ఈ రెండును ఎఱిగినవాడే వేట నేర్చినవాడు. మొదటిది మాత్రమే ఎఱిగినవానికి ఈ యేడు చేప దొరకును. రెండవదియు ఎఱిగినచో అతని తమ్మునికిని, అతని బిడ్డలకును దొరకును.